క్యారేజీ మూత

పొద్దున ఆకాశం విరిగిన పాలలా ఉంది. చెరకు తోటల మీద మబ్బు తునకలు తునకలుగా తేలి, సందుల్లో నీళ్ళలాంటి వెలుతురు. షుగర్ ఫ్యాక్టరీ గొట్టంలోంచి వచ్చిన పొగ ఆ మబ్బులో కలవకుండా విడిగా నిలబడింది. ఉయ్యూరు సెంటర్లో బస్సు కోసం నిలబడి పైకి చూశాను, చూడకపోయినా బాగుండేది. పాలు అనే మాట బుర్రలోకి వచ్చింది, వచ్చినందుకు ఒళ్ళు మండింది. ఎనిమిది నెలలుగా మా ఇంట్లో ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. దాని పాలు మంచివి కావు, దాని పాలల్లో రక్తం లేదు, పిల్లాణ్ణి పాలే తినేశాయి. మా అమ్మ శౌరమ్మ నా పెళ్ళాం లూర్దు గురించి ఆ మాట అనని పూట లేదు, నేను కాదన్న పూటా లేదు. ఇవాళ గుమ్మంలో నిలబడి నా చొక్కా కాలరు సర్దుతూ చెప్పింది, ఆస్పత్రి కాగితం తీసుకురా అంతోనీ, తప్పు దానిదని తేలితే అటునుంచి అటే పుట్టింటికి, ఇబ్రహీంపట్నం బస్సెక్కించు, మళ్ళీ ఈ గడప తొక్కనక్కర్లేదు అని. తేలకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు. తేలకపోవడం అనేది ఆమె మనసులోనే లేదు. నా మనసులో ఉందా? కంకిపాడు దాటేదాకా అదే ప్రశ్న వేసుకున్నాను. లేదు. ఉంటే నేను అమ్మని అడిగి ఉండేవాణ్ణి.

ఇప్పుడు బెజవాడ ఆస్పత్రి రెండో అంతస్తులో బల్ల మీద కూర్చున్నాను. టోకెన్ ఆరు. లోపల నాలుగో టోకెన్ వాళ్ళున్నారు. తలుపు మీద జెనెటిక్స్ క్లినిక్ అని పెద్దక్షరాలు, దాని కింద వంశపారంపర్య వ్యాధులకు సలహా అని చిన్నక్షరాలు. సలహా అంట. హైదరాబాదు నుంచి పదిహేను రోజులకొకసారి ఒక డాక్టరమ్మ వస్తుంది, సలహా ఇచ్చి సాయంత్రం రైలెక్కుతుంది. మందు లేదు, సూది లేదు, కట్టు లేదు. రక్తం పదిహేను రోజుల కిందటే తీసుకున్నారు, నాది ఒక రోజు, లూర్దుది ఇంకో రోజు, ఎదురుపడకుండానే ఇచ్చాం. ఇవాళ మాట్లాడటానికి రమ్మన్నారు. గోడ మీద బొమ్మలో బోసినవ్వు నవ్వుతున్న పిల్లాడు, బుగ్గలు నిండి ఎర్రగా. ఇట్టాంటి చోట ఆ బొమ్మ పెట్టిన వాడెవడో వాణ్ణి నా ఎదురుగా ఈ బల్ల మీద ఒక గంట కూర్చోబెట్టాలి. పక్కన లూర్దు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. పిల్లాడు పోయాక పుట్టింటికెళ్ళిన నా పెళ్ళాం ఎనిమిది నెలల తర్వాత నా పక్కన కూర్చుంది, ఆ ఖాళీ ఎవరు వదిలారో తెలియదు, నేను ముందు కూర్చున్నానా ఆమె కూర్చుందా గుర్తు లేదు. ఆమె కాళ్ళ దగ్గర, బల్ల కింద, క్యారేజీ. నాలుగు గిన్నెలది. పెళ్ళిలో వాళ్ళమ్మ పెట్టింది. దాన్ని నేను చూడదల్చుకోలేదు, చూపేమో అక్కడికే పోతోంది.

ఆమె మీద కోపంగా ఉంది. అది ముందు చెప్పాలి. ఇందాక పక్క గదిలో జరిగినదానికి. ఫరహత్ అని గుండెల మీద పేరు తగిలించుకున్న అమ్మాయి, ఇరవై అయిదేళ్ళుంటాయేమో, పెద్ద తెల్లకాగితం బల్ల మీద పరిచి పెన్సిలు చెక్కుకుంది. మీ ఇంట్లో వాళ్ళందరి గురించీ అడుగుతానండీ, విసుక్కోవద్దు అంది. మగవాళ్ళకి పెట్టె, ఆడవాళ్ళకి సున్నా. బతికున్న వాళ్ళకి ఖాళీ, పోయినవాళ్ళకి అడ్డంగా గీత. మీ నాన్నగారు? పోయారు. ఎట్టా? జ్వరం. గీత. మీ తాత, మీ బాబాయి, ఎవరికన్నా చిన్నప్పుడు కామెర్లు, రక్తం తక్కువ, పిల్లలు దక్కకపోవడం. పెళ్ళిసంబంధం చూడటానికొచ్చిన వాళ్ళు కూడా ఇన్ని అడగరు. కింద చివరికి వచ్చింది, మా పెట్టె, మా సున్నా, వాటి కింద చిన్న పెట్టె. బాబు పేరు? జాన్సన్. ఆ చిన్న పెట్టెని పెన్సిలుతో నింపడం మొదలుపెట్టింది. గీత దాటకుండా, మూలలు వదలకుండా, బడిపిల్ల బొమ్మకి రంగు వేసినట్టు. నల్లగా అయ్యాక దాని మీద అడ్డంగా గీత పెట్టింది. నా కొడుకు. రెండేళ్ళ నాలుగు నెలలు. సైకిలు బెల్లు మోగించాలని ఏడ్చేవాడు. వాడంతా ఆ పెట్టెలో పట్టాడు, అర నిమిషంలో నిండాడు. ఆ చెయ్యి పట్టుకుని ఆపాలనిపించింది.

అప్పుడు అడిగింది, పెళ్ళికి ముందు మీ ఇద్దరికీ చుట్టరికం ఉందా అని. లేదండీ అన్నాను. మా అమ్మ నేర్పి పంపిన మాట. మేనరికమని చెప్పబోకు, ఆస్పత్రోళ్ళకి అదొక్కటే దొరుకుద్ది, అన్నిటికీ దాన్నే పట్టుకుంటారు అంది. ఫరహత్ మా పెట్టెకీ సున్నాకీ మధ్య ఒక గీత గీసింది. తర్వాత బాబు పుట్టిన నెల అడిగింది. డిసెంబరు అన్నాను. లూర్దు తల ఎత్తకుండానే, "జనవరి కదా బావా" అంది. ఫరహత్ పెన్సిలు కింద పెట్టింది. నా మొహమూ లూర్దు మొహమూ చూసి, "చుట్టరికం లేదన్నారు, బావా అంటోందేంటండీ మరి" అంది. నవ్వుతూనే అంది. నేను నోరు విప్పేలోగా లూర్దు చెప్పేసింది, మా నాన్నా వాళ్ళమ్మా సొంత అన్నాచెల్లెళ్ళండీ అని. ఫరహత్ ఆ గీత పక్కనే ఇంకో గీత గీసింది. రెండు గీతలు, రైలు పట్టాల్లాగా. మొహమాటపడకండీ, మా ఇంటి కాగితం గీస్తే ఇట్టాంటివి మూడు చోట్ల వస్తాయి అంది. మొహమాటమా. పరాయి మనిషి ముందు పెళ్ళాం నన్ను అబద్ధాలకోరుని చేసింది. అది నోరు జారి వచ్చిన బావా? కావాలని అన్న బావా? ఎనిమిదేళ్ళప్పటి నుంచీ పిలుస్తున్న పిలుపు, అలవాటులో వచ్చి ఉండొచ్చు. నేల చూస్తూ అన్నది, మొహం కనపడలేదు. ఈ గంటంతా అదే తిరుగుతోంది నాలో, ఫ్యాను తిరిగినట్టు, గాలి రాకుండా చప్పుడు మాత్రం చేస్తూ.

ఆ కాగితం లాంటిది ఇంకోటి చూశాను నేను. పెళ్ళికి ముందు. మా గుడి ఫాదరు గారు విచారణకి కూర్చుని, మేనమామ కూతురైతే బిషప్ గారి అనుమతి కావాలి అని, ఒక నోటీసు కాగితం వెనక్కి తిప్పి చెట్టులాగా గీశారు. పైన మా తాతా అమ్మమ్మా, కింద ఒక పక్క మా అమ్మా ఇంకో పక్క ఇన్నయ్య మావా, వాళ్ళ కింద నేనూ లూర్దూ. ఫాదరు గారు పెట్టెలూ సున్నాలూ పెట్టలేదు, పేర్లు రాశారు. మా అమ్మ గుడి వసారాలోనే గొంతెత్తింది. నా అన్న కూతుర్ని నేను తెచ్చుకోడానికి ఊరవతల ఉన్నోళ్ళ పర్మిషనేంటి, పరాయి రక్తాన్ని తెస్తే మీకు బాగుంటుందా అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాగితం బెజవాడ వెళ్ళింది, సంతకమై వచ్చింది. లూర్దు మాత్రం ఆ రోజు నవ్వలేదు, ఫాదరు గారు గీసిన గీతల్ని వంగి చూస్తా ఉంది. పదిహేడేళ్ళ పిల్ల. ఏం చూసిందో అడగలేదు. నేను ఎవరినీ ఏమీ అడగను. మా ఊళ్ళో నన్ను మంచోడంటారు, మాట పడనీడు అంటారు. మాట పడనివ్వక పోవడమంటే నేను ఎవర్నీ అనకపోవడం. ఎవరైనా లూర్దుని అంటుంటే వినడం అందులోకి రాదు.

నా పని కూడా నోరు అక్కర్లేని పని. క్రషింగు సీజనులో ఊళ్ళో ఇళ్ళ నుంచి ఫ్యాక్టరీకి అన్నం క్యారేజీలు మోస్తాను. సైకిలు హ్యాండిలుకి ఎనిమిది, వెనక చెక్క కట్టి ఇరవై. పదకొండు సీజన్లలో ఒకరి క్యారేజీ ఇంకొకరికి ఇవ్వలేదు. పేర్లు రాసుకోను. బాయిలర్ దగ్గరాయనది మూత సొట్ట, తూకం దగ్గర సంపూర్ణమ్మ గారబ్బాయిది కడ్డీకి ఎర్ర దారం, కెమిస్టు గారిది పిడి వదులు, ఊగుతుంటే చప్పుడును బట్టే చెప్తాను. మూత మాత్రం తియ్యను. ఎవరింట్లో ఏం వండారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా ఉండదు. మొయ్యడం వరకే. గేటు దగ్గర వాచ్‌మన్ పుల్లయ్యకి నా పేరు ఏనాడూ నోరు తిరగలేదు, ఏం క్యారియరూ, ఇవాళ లేటయ్యావే అంటాడు. క్యారియరు వచ్చాడు, క్యారియరు పోయాడు. లోపలి వాళ్ళకీ అదే అలవాటయింది. పిల్లాడు పోయిన తర్వాత సీజను మొదలైన రోజు కూడా పుల్లయ్య అదే పిలుపు పిలిచి, నాలిక కరుచుకుని, గేటు పూర్తిగా తెరిచాడు. అంతవరకూ నేను పక్క సందులోంచే పోయేవాణ్ణి.

పిల్లాడికి ఏడో నెల నుంచి తెల్లబడటం మొదలైంది. పెదాలు, గోళ్ళు, కనురెప్పల లోపల. పొట్ట ఎడమ పక్క గట్టిగా పెరిగింది. పెద్దాస్పత్రిలో తలసీమియా అన్నారు, నెలనెలా రక్తమెక్కించాలన్నారు. ఎందుకొచ్చిందో కూడా చెప్పారేమో, మా చెవికెక్కలేదు. పేరులో తల ఉందని మా అమ్మ వాడి తలకి పసర్లు పట్టించి గుడ్డ కట్టించింది, జబ్బేమో ఒంటి నిండా ఉంది. నా రక్తం ఇచ్చాను, చెరకు లోడింగు వాళ్ళిచ్చారు, పుల్లయ్య కూడా ఇచ్చాడు. ఎక్కించిన నాలుగు రోజులు వాడు పరిగెత్తేవాడు. గుణదల కొండ మెట్లు నా చెయ్యి వదిలించుకుని ఎక్కాడు ఒక ఫిబ్రవరిలో, పైన తల్లి దగ్గర గుండు కొట్టిస్తుంటే నవ్వాడు. మళ్ళీ తెల్లబడేవాడు. ఆ తెలుపు చూడలేక మా అమ్మ పాల మీద పడింది. ఒక పొద్దున, పెరట్లో, నేను సైకిలుకి చెక్క బిగిస్తున్నాను. లూర్దుని రమ్మని, రవిక విప్పించి, ఈ క్యారేజీ మూత తెచ్చి దాంట్లోకి పాలు పిండించింది. ఈ మూతే. గోడవార పోతున్న చీమల్ని చిటికెడు తెచ్చి వేసింది. చీమలు ఈదినంతసేపు ఈదాయి. ఆగిపోయాయి. చూశావా, చచ్చాయి, అదే నా మనవడిక్కూడా అంది. ఇరుగూ పొరుగూ ముగ్గురు నలుగురు చూశారు. చీమ పాలలో పడితే చావక ఏం చేస్తుంది? నీళ్ళలో పడ్డా చస్తుంది, గంజిలో పడ్డా చస్తుంది. ఎనిమిది చదివాను, ఈ మాట నాకు అప్పుడు తెలియదా? తెలుసు. చెక్క బిగించడం అయిపోయింది, అయినా ఇంకా బిగిస్తూ కూర్చున్నాను. లూర్దు ఆ మూత తీసుకుని బావి దగ్గర కడిగింది. నా పక్కనుంచే వెళ్ళింది. ఆ రోజు నుంచి పిల్లాడికి డబ్బా పాలు. వాడు ఆమె ఒళ్ళోకి పాకుతుంటే మా అమ్మ తీసేసేది. ఆమె చీర ముందు తడిసిపోయి ఉండేది, తడి కనపడకుండా కొంగు అడ్డం కప్పుకుని నాకు అన్నం పెట్టేది. నేను తిన్నాను. ప్రతి రోజూ తిన్నాను.

ఇంకొక మాట కూడా ఇందాక గదిలో పడింది, దాన్ని ఇప్పటిదాకా పక్కకి నెడుతున్నాను. మీ అమ్మగారికి మీరొక్కరేనా అని అడిగింది ఫరహత్. ఒక్కణ్ణేనండీ అన్నాను, ఈసారి అబద్ధం కాదు. లూర్దు, అత్తకి బావ కంటే ముందొక ఆడపిల్లండీ, ఏడాది లోపు తెల్లబడి పోయింది అంది. ఫరహత్ నా పెట్టె పక్కన చిన్న సున్నా పెట్టి, నింపాలా వద్దా అని ఆలోచించి, నింపకుండా లోపల ప్రశ్న గుర్తు పెట్టి, అడ్డంగా గీత గీసింది. ముప్ఫై రెండేళ్ళొచ్చాక నాకొక అక్క ఉందని పెన్సిలు చెప్పింది. నా ఇంటి సంగతి నాకు తెలియకుండా నా పెళ్ళానికి తెలుసు. అది తెలిసి కూడా ఆమె ఎనిమిది నెలలు నోరు మూసుకుని పుట్టింట్లో కూర్చుంది. బల్ల మీద ఆ ఖాళీ వైపు తిరిగి అడిగాను, నీకెవరు చెప్పారు అని. ఇవాళ నేను ఆమెతో అన్న మొదటి మాట అది. ఎదర గోడ చూస్తూనే చెప్పింది. "అత్తే. చీమలేసిన రోజు మధ్యానం. ఇద్దరం గిన్నెలు తోముతున్నాం. నాక్కూడా ఆడపిల్లప్పుడు మా అత్త ఇట్టాగే ఏసింది, నావీ చచ్చాయి అంది." ఇంకేమన్నా అందా అన్నాను. "ఇంకేమంటది. కొబ్బరి పీచు అందుకోమంది."

ఇప్పుడు ఈ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలి నేను? పొద్దుటి నుంచీ చక్కగా ఒక చోట ఉంది, లూర్దు మీద. ఆమెకి తెలియకుండానే అంతకుముందు ఎనిమిది నెలలూ కూడా అక్కడే ఉంది, ఎందుకంటే మనిషి ఎదురుగా లేకపోతే కోప్పడటం తేలిక. అక్కడి నుంచి లేచి మా అమ్మ దగ్గరికి పోయింది, అక్కడ చూస్తే ఇరవై ఏళ్ళ శౌరమ్మ రవిక ముందు పట్టుకుని నిలబడి ఉంది, ఎవరో ముసలామె మూతలోకి వంగి చూస్తోంది. ఆ ముసలామె మా నాయనమ్మ. ఆమె నన్ను ఎత్తుకు తిరిగింది. అక్కడ చెక్క బిగిస్తున్నదెవరు? మా నాన్న. ఆయన కూడా మంచోడనే అంటారు ఊళ్ళో. తనకి జరిగింది తెలిసి కూడా మళ్ళీ చేయించింది కదా మా అమ్మ. చీమలు చస్తాయని ఆమెకి ముందే తెలుసు. తెలిసే వేసింది. లేకపోతే ఈసారి చావవేమో చూద్దామని వేసిందా? అది నాకు ఎప్పటికీ తెలియదు. తెలిసినా ఏం చేసుకోను.

టోకెన్ ఆరు అన్నారు. లూర్దు క్యారేజీ వైపు వంగింది, ఇక్కడే ఉండనీ అన్నాను. డాక్టరమ్మ పెద్దావిడ, మెత్తటి గొంతు. నా అరచెయ్యి వెలుతురులోకి తిప్పి చూసింది, కనురెప్ప కిందికి లాగింది, లూర్దుకీ అట్టాగే చూసింది. బల్ల మీద ఫరహత్ గీసిన కాగితం, దాని మీద రెండు చిన్న కాగితాలు పక్కపక్కన. ఫరహత్ కూడా గోడవార కుర్చీలో కూర్చుంది. డాక్టరమ్మ రెండు కాగితాలూ చదివి, "అంతోని గారూ, మీరు క్యారియర్ అండీ" అంది. ఈమెకెట్టా తెలుసు అనుకున్నాను. ఇందాక వృత్తి ఏంటని ఫరహత్ అడిగింది కదా, రాసుకుంది కదా. అవునండీ, పదకొండేళ్ళ నుంచి అన్నాను. ఆమె కళ్ళజోడు మీంచి చూసింది, మీకు ముందే తెలుసా అంది. తెలియకపోవడమేంటండీ, సీజనంతా అదే కదా అన్నాను. ఆమె రెండో కాగితం మీద వేలు పెట్టి, మీ ఇద్దరూ క్యారియర్లేనండీ అంది. పరాచికాలాడుతోందనుకున్నాను. ఇంట్లో మనిషిని కూడా ఆ పిలుపులోకి లాగినందుకు మండింది కూడా. "ఆమె కాదండీ" అన్నాను గట్టిగా. "నేనొక్కణ్ణే. ఆమెకేం సంబంధం లేదు."

లూర్దు నా వైపు తిరిగింది. ఇవాళ మొదటిసారి పూర్తిగా తిరిగింది. ఆ చూపు నాకు అర్థం కాలేదు. ఎప్పుడో పోయిన వస్తువు ఇంటి చూరులో కనపడితే చూసినట్టు చూసింది. ఫరహత్‌కి ముందు అర్థమైంది, లేచి వచ్చి నెమ్మదిగా చెప్పింది, ఆ క్యారియర్ కాదండీ అని. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, కోప్పడటానికి ఒక మనిషి దొరికేది. డాక్టరమ్మ చెప్పింది. జబ్బు మీలో ఉండదు, మీకు ఏ బాధా ఉండదు, మీరు మోస్తారంతే. మోస్తున్నట్టు మీకు కూడా తెలియదు. మీ ఒక్కరి దగ్గర్నుంచి చేరితే బిడ్డకేమీ కాదు, బిడ్డా మీలాగే మోస్తాడు. ఇద్దరి దగ్గర్నుంచీ చేరితేనే జబ్బు. ఆమెది ఎంతో మీదీ అంతే, కొంచెం ఎక్కువా కాదు తక్కువా కాదు. కాగితం మీద నాలుగు పెట్టెలు ఒకదాని మీద ఒకటి గీసింది. ఒకటి ఖాళీ, రెండు సగం సగం నల్లన, ఒకటి పూర్తిగా నల్లన. ప్రతి కాన్పుకీ ఇదే లెక్క, ఒకసారి వచ్చింది కదా ఇంక రాదని లేదు, ప్రతిసారీ మొదటి నుంచీ అంది. నాలుగు గిన్నెల్లో ఒకటి. ఏ గిన్నెలో ఉందో తెలియకుండా మోసి, నా చేత్తో నేనే తీసుకెళ్ళి, సరైన మనిషికే అందించాను. తప్పు పోలేదు. ఎప్పుడూ తప్పు పోలేదు నాకు.

లూర్దు అడిగింది అప్పుడు. "పాల వల్ల వస్తుందాండీ?" డాక్టరమ్మ, పాలకీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా, తల్లిపాలు మంచివే, ఎవరన్నారు అంది. మా అమ్మ అని నా నోటి దాకా వచ్చింది. లూర్దే చెప్పింది, ఊళ్ళో అనుకుంటారండీ అని. ఊళ్ళో. మా అమ్మనీ నన్నూ కలిపి ఆ ఒక్క మాట కింద దాచేసింది. ఆమె మమ్మల్ని తిట్టి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. దాచిపెట్టింది, అదే తట్టుకోలేకపోయాను. బల్ల మీద చెయ్యి వేసి అన్నాను, కొంచెం గట్టిగానే పడింది చెయ్యి, తప్పెవరిదో రాసివ్వండి, మా అమ్మ కాగితం తెమ్మంది అని. డాక్టరమ్మ కదల్లేదు. తప్పు అని రాయడానికి ఇందులో చోటు లేదండీ అంది. అయితే పైన మా అమ్మ సున్నా ఉంది చూడండి, దాన్ని నల్లగా చెయ్యండి, సగమన్నా చెయ్యండి, ఆమె దగ్గర్నుంచే కదా నాకొచ్చింది, ఇన్నయ్య మావకీ ఆమెకీ ఒకే తల్లీ తండ్రీ, రెండు దార్లూ అక్కడే కదా కలుస్తున్నాయి. అంత మాట నేను ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు. కలుస్తుండొచ్చు, చాలావరకు అంతే అయ్యుంటుంది, కానీ ఆవిడ రక్తం చూడకుండా నేను నింపలేను, కావాలంటే తీసుకురండి అంది. ఆ సున్నాలో కూడా ప్రశ్న గుర్తే పెట్టింది. ఇంకో బిడ్డ కావాలనుకుంటే మూడో నెల రాకముందే రండి, హైదరాబాదులో పరీక్ష ఉంది, కడుపులో బిడ్డకి ఉందో లేదో చెప్తారు అంది. మమ్మల్ని ఏం చెయ్యమంటారు అన్నాను. అది మేం చెప్పమండీ, మీరిద్దరూ కూర్చుని అనుకోవాలి అంది. మా తాతల దాకా తవ్వి తీశారు, నా చచ్చిపోయిన అక్కని లేపి కూర్చోబెట్టారు, చివరికొచ్చి మీరే అనుకోండి. వంశం మొత్తం అడిగినవాళ్ళు ఒక్క మాట చెప్పలేరా అని మండిపడ్డాను లోపల. మెట్ల దాకా వచ్చాక అనిపించింది, ఎవరో ఒకరు చెప్పేస్తే బాగుండునని ఎదురు చూడటమే కదా పెరట్లో నేను చేసింది.

ఆస్పత్రి వెనక రేకుల షెడ్డు ఉంది, రోగుల తాలూకు వాళ్ళు అన్నాలు తినడానికి. కుళాయి, సిమెంటు గట్టు. ఎండ తేటగా వచ్చింది, పైన మబ్బు లేదు. కవరులో డాక్టరమ్మ ఇచ్చిన ఉత్తరం, మడిచిన ఆ పెద్ద కాగితం. లూర్దు గట్టు మీద క్యారేజీ పెట్టి, నా చేతిలో కవరు చూసి, అత్తకేం చెప్తావు బావా అంది. ఇది నోరు జారిన బావా కాదు. నేనొక్కణ్ణే అని చెప్తాను అన్నాను. లోపల తెలియక అన్న మాట ఇప్పుడు తెలిసే అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "వద్దు. ఇద్దరం అని చెప్పు. ఉన్నదే చెప్పు." ఉయ్యూరు బస్సు మూడింటికుంది అన్నాను. చెంగు నడుముకి దోపుకుని కూర్చుంది.

కడ్డీ నేను తీశాను. పదకొండేళ్ళుగా ఎవరి కడ్డీ తియ్యని చెయ్యి. మూత కుళాయి కింద కడిగాను, కడిగి, మళ్ళీ కడిగాను. అన్నం, దోసకాయ పప్పు, వంకాయ కూర, పెరుగు. రెండు గిన్నెల్లో ఆమె నాకు సర్దబోతే ఆపి, గిన్నెలు ఆమె ముందుకి జరిపి, మూతలో అన్నం పెట్టుకుని, పెరుగు పోసుకున్నాను. అంచుల దాకా తెల్లగా నిండింది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. నేను కలిపి మొదటి ముద్ద తీసుకున్నాను. గట్టు మీద పప్పు చుక్క పడ్డ చోట ఒక చీమల బారు మొదలైంది. లూర్దు వేలితో రెండు మెతుకులు తీసి వాటికి కొంచెం దూరంగా పెట్టి, తన గిన్నెలో చెయ్యి పెట్టింది. ఇద్దరం తిన్నాం.